గృహవైద్యము: నోటిపూత



శరీరమునకు వెలుపల చర్మ మెట్టిదో, లోపల శ్లేష్మపు పొర యట్టిది. పెదవుల లోపలి భాగము మొదలుకొని బుగ్గలు, నాలుక, అంగిలి, గొంతు, అన్నకోశము, ప్రేగులు వీనినన్నిటిని ఒక పలుచని తడిపొర కప్పియున్నది. ముక్కులోను, కనురెప్పల లోపలను ఉన్నదియు నిట్టిదే. ఈ పొర యెల్లప్పుడును తడిగా నుండి, తినెడు పదార్థముల రాపిడిని, వేడిని, సూక్ష్మక్రిములను ఎదుర్కొనుచుండును. దీనికి హాని కలిగినప్పుడు అచ్చటికి రక్తము హెచ్చుగా ప్రవహించును. అందుచేత అది ఎఱ్ఱబారి, వాచి, మండును. నోటిలో నిట్లు కలిగినచో మనము నోటిపూత యందుము. ఈ నెల దానిని గూర్చి వ్రాయదలచితిని.

నోరు పూచినదనగానే మన యిండ్లలో "వేడిచేసినది" అనుట వాడుక. పెద్దలు మజ్జిగ త్రాగుమందురు, సబ్జాగింజలు నానబెట్టి యిత్తురు, కారము మానుమందురు. ఈ సలహాలలో దోషమేమియు లేదు. పూచిన నోటికి చల్లని మజ్జిగ హాయి నిచ్చును. కారము మానుటయు మంచిదే. అయితే వేడి యను నొక్క మాటతో విచారణ ముగిసిపోవుచున్నది. నెలకొకమారు నోరు పూచు గృహిణి నెలకొకమారు మజ్జిగ త్రాగి యూరకుండును. ఎఱుపు ఒక చిహ్నము మాత్రమే. దాని వెనుకగల కారణములు పలువిధములు. కారణమును బట్టియే చికిత్స యుండును.

ఆహారలోపము

నోటిపొరలోని కణములు నిత్యము అరిగిపోవుచు, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. కొలది వారములలోనే పొర యంతయు నూతనమగును. ఇంత వేగముగా పెరుగు పొరకు పోషకద్రవ్యములు ఎడతెగక అందుచుండవలెను. అవి తగ్గినప్పుడు ఆ కొఱతను ముందుగా తెలుపు భాగములలో నోరొకటి.

ఈ విషయమున మన దేశములో జరిగిన పరిశోధనలు స్త్రీలు తెలిసికొనదగినవి. 1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణీస్త్రీలకు, ముఖ్యముగా బట్టలమిల్లులలో పనిచేయు పేద స్త్రీలకు కలుగుచుండిన తీవ్రమైన పాండురోగమును పరిశీలించెను. ఈస్టు సారము నిచ్చినచో ఆ పాండురోగము కుదురునని ఆమె 1931లో ప్రకటించెను. ఈస్టులోని ఏ ద్రవ్యము ఈ మేలు చేయుచున్నదో అప్పటికి తెలియలేదు.

1936లో నీలగిరులలోని కూనూరు పరిశోధనశాలకు చెందిన ఎయిక్రాయిడ్, కృష్ణన్ గారలు దక్షిణదేశములోని నోటిపూతను గూర్చి వ్రాయుచు, అది బి2 విటమిను లోపమువలన కలుగుచున్నదని తెలిపిరి. ఆ పరిశోధనశాలయే తరువాత హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో నున్నది.

ఇక మన తెలుగువాడగు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. యౌవనమున ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ఆయనయు దాని పాలయ్యెను. విడువని విరేచనములు, పాండురోగము, ఎఱ్ఱబారి మండు నాలుక ఆ వ్యాధి లక్షణములు. అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించెను. బొంబాయిలో లూసీ విల్స్ కనుగొన్న ఈస్టు గుణము ఈ ద్రవ్యమునకు సంబంధించినదే. స్ప్రూ రోగుల నాలుకకును రక్తమునకును అది ఔషధమైనది. నేడు గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రులలో నిచ్చు ఇనుము మాత్రలో ఇనుముతోపాటు చేర్చియుండునది ఈ ఫోలిక్ ఆమ్లమే.

దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగాగల పేదలలో పెల్లాగ్రా యను వ్యాధి యుండెడిది. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడుట, విరేచనములు, పచ్చిమాంసమువలె ఎఱ్ఱనగు నాలుక దాని గుర్తులు. నయాసిన్ అను విటమిను లోపమువలన నది కలుగును. జొన్న తినువారికి అది ఏల కలుగుచున్నదో వివరింప యత్నించుచు గోపాలన్, శ్రీకంఠయ్య గారలు 1960లో ఒక వ్యాసమును ప్రకటించిరి. జొన్న చెడ్డ ధాన్యమని దీనివలన తలపరాదు. పప్పు, పాలు, వేరుసెనగ, ఆకుకూర లేక ఒక్క జొన్నయే తినుటలో దోషమున్నది. ఒక్క తెల్లబియ్యమే తినుటలోను అట్టి దోషమే కలదు.

నోటిని చూచి కొంతవఱకు కారణమును ఊహింపవచ్చును. సెలవులు, అనగా పెదవుల మూలలు, పగిలి తెల్లబారి మండుచు, నాలుక ఊదాఎఱుపు రంగు కలిగియున్నచో రైబోఫ్లేవిన్, అనగా బి2, లోపమును శంకింపవలెను. నాలుకమీది గరుకుదనము పోయి నున్ననై, ఎఱ్ఱగా మండుచున్నచో బి12, ఫోలిక్ ఆమ్లము, నయాసిన్ వీనిలో నేదో తగ్గియుండవచ్చును. నాలుక నున్ననై పాలిపోయి, మెట్లెక్కునప్పుడు ఆయాసము, గుండెదడ, నీరసము ఉన్నచో ఇనుము తగ్గియుండవచ్చును. ఇవి పలుమారు కలిసియే యుండును గనుక నిర్ణయమును వైద్యునకు, రక్తపరీక్షకు విడువవలెను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తక్షీణత కలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోను సగమునకు మించిన స్త్రీలు ఇట్లే యున్నారు. దీనికి కారణములు పెక్కు: ఋతుస్రావము, కాన్పులు, నులిపురుగులు, పేదతనము. వీనితోపాటు మన పంక్తిలోనే ఒక కారణమున్నది. ఇంటిల్లిపాదికి వడ్డించి చివరకు తాను కూర్చుండు గృహిణికి పప్పు గరిటెడు మిగులును. కూర గిన్నె అడుగున నంటియుండును. పాలు పిల్లలకును కాఫీకిని సరిపోవును. ఆమె అన్నము, పచ్చడి, పలుచని చారుతో భోజనము ముగించును. సరకులు కొనగల యింటనే గృహిణికి సెలవులు పగులుట ఇందువలన సంభవించుచున్నది.

వంటయింటిలో పోవునది

బి వర్గపు విటమినులు చాలవఱకు నీట కరగునవి. బియ్యమును నాలుగైదు నీళ్ళలో నలిపి కడిగినను, గంజి వార్చి పారబోసినను అవి నీటితో పోవును. ఒకటి రెండు నీళ్ళతో కడిగి, అత్తెసరు పెట్టి వండుట మేలు. గంజి వార్చినచో దానిని చారులో కలుపుకొనవచ్చును. ఉప్పుడు బియ్యమున ఈ విటమినులు తెల్లబియ్యముకంటె హెచ్చుగా నిలుచును. వడ్లను ఉడికించునప్పుడు తవుడులోని సారము గింజలోనికి పోవుటయే ఇందులకు కారణము. రైబోఫ్లేవిన్ వెలుతురునకు చెడును గనుక పాలను గాజు సీసాలలో ఎండ తగులుచోట నుంచరాదు.

పాలు, పెరుగు, గ్రుడ్లు, ఆకుకూరలు, మొలకెత్తిన పెసలు, వేరుసెనగ, మాంసము తినువారికి కాలేయము, ఇవి నోటిపొరకు మేలు చేయు పదార్థములు. బి12 శాకములలో లభింపదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసము వీనియందే యుండును. కావున శాకాహారము చేయు సోదరీమణులు పాలను, పెరుగును తమ విస్తరినుండి తొలగింపరాదు. ఆకుకూరతోపాటు నిమ్మరసమో ఉసిరికాయ పచ్చడియో తినినచో అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనము ముగియగానే కాఫీ, టీ త్రాగినచో ఆ మేలు తగ్గును. ఒక గంట యాగి త్రాగవలెను.

ఇతర కారణములు

విఱిగి మొనదేలిన పన్ను బుగ్గను, నాలుకను ఒకేచోట గీచుచుండును. అట్టిచోట ఎన్ని విటమినులు తినినను పుండు మానదు. దంతవైద్యునిచే పంటిని అరగదీయించవలెను. కట్టుడుపళ్ళను రాత్రియు తీయక నిద్రించువారి అంగిలి పళ్ళ అచ్చు మేరకు ఎఱ్ఱబారును. రాత్రి పళ్ళను తీసి, బ్రష్షుతో తోమి, శుభ్రమైన నీటిలో నుంచుట దీనికి మొదటి చికిత్స.

చంటిబిడ్డల నోట పాలమీగడవలె తెల్లని పూత కనబడును. తుడిచినను అది సులభముగా రాదు. వచ్చినచో క్రింద ఎఱ్ఱగా నుండును. ఇది ఒక జాతి బూజువలన కలుగును. దీనికి నోటిలో వేయు బూజుమందు కలదు. బిడ్డకు మందు వేయునప్పుడు తల్లి చనుమొనలు నొప్పిగా, ఎఱ్ఱగా నున్నచో ఆమెకును చికిత్స చేయవలెను. లేనిచో ఒకరినుండి యొకరికి అది తిరుగుచుండును. పెద్దలలో ఈ బూజు మధుమేహము గలవారికి, కొంతకాలము యాంటీబయాటిక్ మందులు తినినవారికి, రోగనిరోధకశక్తి తగ్గినవారికి కలుగును. ఉబ్బసమునకు స్టిరాయిడ్ మందును పీల్చువారు పీల్చిన వెంటనే నీటితో పుక్కిలించి ఉమ్మివేసినచో దీనిని చాలవఱకు తప్పించుకొనవచ్చును.

పిల్లలకు జ్వరముతో నోట పొక్కులు లేచి, చిగుళ్ళు ఎఱ్ఱగా వాచుట పలుమారు వైరసు వలన జరుగును. ఇది సాధారణముగా వారము పదిదినములలో తానే తగ్గును. ఇందులోని అపాయము బిడ్డ నొప్పిచే నీరు త్రాగకుండుటయే. చల్లని పాలు, మజ్జిగ, కొబ్బరినీరు చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. ఆరెనిమిది గంటలు మూత్రము విడువకున్నను, మగతగా పడియున్నను వెంటనే వైద్యునకు చూపవలెను.

ఏదేని క్రొత్తమందు తినిన కొలది దినములలో జ్వరము వచ్చి, నోరు పొక్కులతో పొరలూడి, కండ్లెఱ్ఱబడి, ఒంటిమీద మచ్చలు లేచినచో, అది మందు సరిపడకపోవుటవలన కలిగిన ప్రమాదస్థితి కావచ్చును. ఆ మందు చీటిని చేతబట్టుకొని అదే దినమున ఆసుపత్రికి పోవలెను.

చికిత్స

సామాన్యమైన నోటిపుండ్లు ఒకటి రెండు వారములలో మానును. అంతవఱకు చేయదగినవి ఇవి: గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి దినమునకు మూడు నాలుగు మారులు పుక్కిలింపవలెను. మిరపకారము, ఊరగాయలు, పుల్లని పండ్లు, మిక్కిలి వేడి పదార్థములు కొలదిదినములు మానవలెను. పెరుగన్నము, మెత్తని పెసరపప్పు, పాలు, ఉడికించిన ఆకుకూర, గ్రుడ్డు తినవచ్చును. పండ్లను మెత్తని బ్రష్షుతో తోమవలెను. నొప్పిగా నున్నదని తోముట మానినచో చిగుళ్ళు మఱింత వాచును.

నోరు మరలమరల పూచుచున్నప్పుడు రక్తపరీక్ష చేయించి, ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లము, చక్కెర వీని సంగతి తెలిసికొనవలెను. ఇందొక జాగ్రత్త కలదు. బి12 తగ్గినవారికి ఫోలిక్ ఆమ్లమొక్కటే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని నరములకు కలుగుచున్న హాని ఆగదు. చేతులు, కాళ్ళు తిమ్మిరి యెక్కుచున్నవారు ఈ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. అంగడిలో నేదో బలపుమాత్ర కొని యేండ్ల తరబడి మ్రింగుటకంటె ఒక్కమారు పరీక్ష చేయించుకొనుట మేలు.

చేయరానివియు కొన్ని గలవు. చంటిబిడ్డ నోట వెలిగారము తేనెతో రంగరించి పూయుట పూర్వము వాడుకలో నుండెను. వెలిగారము బిడ్డలకు విషము. ఏడాది నిండని బిడ్డకు తేనెయు పనికిరాదు. అందుండదగిన ఒక సూక్ష్మక్రిమి పసివారికి ప్రాణాపాయకరమగు పక్షవాతమును కలిగింపగలదు. బిడ్డ నోటిపూతను గుడ్డతో గట్టిగా రుద్ది తీయరాదు. పెద్దలును పుండుమీద సున్నము, కర్పూరము, లవంగనూనె పూసి కాల్చుకొనరాదు. పంటినొప్పికని చిగురునకు ఆస్పిరిను మాత్ర ఆనించి పెట్టుకొనుటయు పొరను కాల్చును.

నొప్పిలేని ఎఱుపు

ఇంతవఱకు చెప్పినవన్నియు మండునవి. మండని యెఱుపు ఇంతకంటె భయంకరము. బుగ్గలోనో, నాలుక ప్రక్కనో, నాలుక క్రిందనో, అంగిలిమీదనో మఖమలువంటి ఎఱ్ఱని మచ్చ ఏర్పడి, నొప్పి లేకుండ వారముల తరబడి యున్నచో అది కాన్సరునకు పూర్వరూపము గాని, కాన్సరే గాని కావచ్చును. తెల్లని మచ్చకంటె ఎఱ్ఱని మచ్చను వైద్యులు హెచ్చు అనుమానముతో చూతురు.

పొగాకు దీనికి ముఖ్యకారణము. ఉత్తరకోస్తాలో, ముఖ్యముగా శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో, స్త్రీలు చుట్టను నిప్పుగల కొన నోటిలోపల నుంచి కాల్చు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ యందురు. ఆ నిప్పువేడియు పొగయు సూటిగా అంగిలికి తగులును. 1971లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఆంధ్రదేశపు గ్రామములలో పదివేలమందికి పైగా జనుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ త్రాగువారి అంగిలిమీద కలుగు మార్పులను వర్ణించిరి. సాధారణముగా అరుదైన అంగిలి కాన్సరు ఈ ప్రాంతమున హెచ్చుగా కనబడుటకు ఈ అలవాటే కారణము.

చుట్ట తాకని యిండ్లలోను వక్క యున్నది. పొగాకు లేకున్నను వక్కయే కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించిన గ్రంథమున నిర్ణయించినది. నిత్యము వక్క, గుట్కా నమలువారికి మొదట కారము సహింపరాదు. పిదప బుగ్గలు గట్టిపడి, నోరు తెఱచుట క్రమముగా తగ్గిపోవును. శుభకార్యమున నొకమారు వేసికొను తాంబూలమును గూర్చి కాదు, పూటపూటకు దవడన నుంచుకొను వక్కను గూర్చి చెప్పుచున్నాను. నోరు మునుపటివలె తెఱువరానివారు, మూడువ్రేళ్ళు నిలువుగా నోట పట్టనివారు ఆలస్యము చేయక చూపించుకొనవలెను.

నెలకొకమారు పగటి వెలుతురులో అద్దము ముందు నిలిచి నోటిని పరీక్షించుకొనుడు. పెదవులను తిరుగవేసి, బుగ్గలను వ్రేలితో లాగి, నాలుకను పైకెత్తి, ఇరుప్రక్కలకు త్రిప్పి, తల వెనుకకు వాల్చి అంగిలిని చూడవలెను. ఇంట ముసలివారున్నచో వారికిని మీరే చూడుడు. మూడువారములకు మానని పుండు, ఎఱ్ఱని లేక తెల్లని మచ్చ, గడ్డ, కారణము లేని రక్తస్రావము, మ్రింగునప్పుడు అడ్డుగా తోచుట, మెడలో వాపు, వీనిలో నేది కనబడినను దంతవైద్యునకో ప్రభుత్వ ఆసుపత్రిలోనో చూపవలెను. ప్రారంభదశలో కనుగొన్న నోటి కాన్సరు చాలవఱకు కుదురును. నొప్పి పుట్టువఱకు ఆగుటవలననే మనవారు ఆలస్యముగా ఆసుపత్రికి పోవుచున్నారు.

ఇంటిలో నెవరి నోరు పూచినను గృహిణి ముందుగా కనిపెట్టును, మందు తెప్పించును, పథ్యము వండును. తన నోరు పూచినప్పుడు మాత్రము ఎవరికిని చెప్పదు. ఈ పద్ధతి మారవలెను. రేపటినుండి వడ్డనకు పూర్వమే పప్పు, కూర, పెరుగు ఎందరికో లెక్కించునప్పుడు ఆ లెక్కలో మిమ్ములను గూడ చేర్చుకొని, మీ భాగమును వేఱొక గిన్నెలో తీసి మూతపెట్టి యుంచుడు. సాధ్యమైన యిండ్లలో అందరును కలిసియే భుజించుట ఇంకను మేలు.

రాబోవు సంచికలో కనురెప్పల లోపలి పొరకు కలుగు ఎఱుపు, అనగా కండ్లకలకను గూర్చి వ్రాయుదును.